మూడు ఎండాకాలాల తోలు

మన ఊరి నుంచి,
1944 ఏప్రిల్ 20

హైదరాబాదులో ఒంటరిగా వండుకుని తింటున్న మా ఇంటాయనకు, అమృత నమస్కారాలు.

నిన్న పొద్దుగూకే వేళకు ఊరు చేరాను. బస్సు బొగ్గు గ్యాసుది కదా, చింతపల్లి దగ్గర ఎత్తు ఎక్కలేక నిలబడిపోతే మగవాళ్లంతా దిగి నెట్టారు. దేవరకొండలో దిగి, గింజలు దించి వట్టిగా వెనక్కి పోతున్న బండి ఒకటి దొరికితే ఎక్కి వచ్చాను. ఒళ్లంతా దుమ్ము తప్ప క్షేమంగా ఉన్నాను.

నేను పుట్టింటికే పోయి ఉంటానని మీరు ఈపాటికి నల్లగొండకు, మా నాయినకు ఉత్తరం రాసే ఉంటారు. పుట్టింటికి పోతే అలిగి వచ్చిందంటారు. అమ్మ ఏడుస్తుంది. ఆదివారం చర్చిలో పదిమంది నా కాపురం కోసం ప్రార్థన చేస్తారు. అదే అత్తింటికి పోయాననుకోండి, కోడలు పనిసాయానికి వచ్చిందంటారు, అంతే. అందుకని అలిగి అత్తింటికి వచ్చాను. ఇట్లా అలిగిన ఆడది మన తాలూకాలో నేనే మొదటిదాన్నేమో.

మామ నన్నేమీ అడగలేదు. ట్రంకుపెట్టె అందుకొని లోపల పెట్టి వచ్చి, "వాడు తింటుండా?" అని మాత్రం అన్నాడు. తింటున్నాడని చెప్పాను. అబద్ధమైతే దేవుడు క్షమించాలి. అత్త మాత్రం ముందు నా కడుపు వంక చూసింది, అక్కడ విశేషమేమీ లేదని తేల్చుకున్నాక అప్పుడు మంచినీళ్లు ఇచ్చింది. రాత్రి జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెట్టారు. కడుపునిండా తిన్నాను.

మీరు ఇంకా ఆ తోలు సంగతే తలచుకొని ఉడుకుతూ ఉంటారు. అవును, పారేసింది నేనే. ఊళ్లో ఎద్దులు గుంజే మోటకు కింద వేలాడి నీళ్లు పోసే తోలు తొండం, పట్నంలో మన స్నానాల గంగాళంలో ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి? మా ఆయన అందులో అలలు చూస్తాడని చెప్పాలా? చర్చి వాళ్లు నలుగురు భోజనానికి వస్తున్న రోజు, ఇల్లంతా తోళ్లు నానబెట్టే లంద వాసన. నాలుగుసార్లు చెప్పాను. దున్నపోతు మీద వాన పడ్డట్టే అయింది. తీసుకుపోయి పెరట్లో వేశాను. కుక్క వస్తుందని అనుకోలేదు, ఆ ఒక్కదానికి నన్ను తిట్టండి, పడతాను.

అయితే నేను వచ్చింది అందుకు కాదు. ఎందుకో ఇప్పుడు రాయను. రాస్తే కోపంతో రాసినట్టుంటుంది. ఇప్పుడు నాకు కోపం లేదు, అదే నాకు భయంగా ఉంది.

ఇంకొక మాట ఉంది. దేవరకొండ మిషను ఆడపిల్లల బడికి లెక్కలు చెప్పే టీచరమ్మ కావాలట. బడి చూసుకునే దొరసాని నా మెట్రిక్ సంగతి ఎవరి ద్వారానో విన్నది. జీతం, ఉండడానికి ఒక గది ఇస్తామని మామతో కబురు పెట్టింది. జూన్‌లో బడి తెరిచేలోగా అవునో కాదో చెప్పాలి. అవునంటే నేను ఇక హైదరాబాదు రాను. ఈ సంగతి మీకు తెలియకుండా చేయడం నాకిష్టం లేదు కాబట్టి రాస్తున్నాను. మీకు చెబుతున్నాను, అడగడం లేదు.

కిరసనాయిలు సీసా వంటింట్లో పైఅలమరలో ఉంది. బియ్యంలో పురుగు పడకుండా వేపాకు వేశాను, దాన్ని ఏరి పారేసి వండుకోండి.

అమృత

*

హైదరాబాదు,
ఏప్రిల్ 27

ప్రియమైన అమృతకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు అనుకున్నట్టే నల్లగొండకు రాశాను. మీ నాయిన గాబరాపడి తిరుగుటపాలో జవాబు రాశారు. ఆయనను సముదాయించడానికి మళ్లీ ఒక ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ఆ బుధవారం నుంచి జరిగిందంతా మనసులో మళ్లీ మళ్లీ తిప్పి చూశాను. ఆ రోజు నువ్వు తోలు పారేశావు. నేను అరిచాను. మూడు నెలల పని మట్టిలో కలిపావన్నాను. అది ఎక్కువ మాటే. నలుగురు వచ్చే వేళకు అట్లా అరవడం తప్పు. అయితే నీ వైపు కూడా తప్పు ఉంది. రెండూ ఒకదానికొకటి కొట్టేస్తే మిగిలేది సున్నా. సున్నా మీద ఇంత దూరం పోవడం న్యాయమా? నువ్వే ఆలోచించు.

కుక్క అంచు మాత్రమే కొరికింది. ఆ మేరకు కోసేసి మళ్లీ వాడుతున్నాను. కాని పని నడవడం లేదు. లెక్క ఒకటి చెబుతోంది, తొండం ఇంకొకటి చేస్తోంది. ఎన్నిసార్లు చేసినా అంతే. వానాకాలం పోయేలోగా పరిశోధన పత్రం ఇవ్వకపోతే ఈ ఏడు పై ఉద్యోగానికి నా పేరు పంపనని ప్రొఫెసర్ సాహెబ్ చెప్పారు. కాలేజీలో పాఠాలన్నీ ఉర్దూలోనే కదా, నా ఉర్దూ మీద ఆయనకు ముందే నమ్మకం తక్కువ. ఇప్పుడు లెక్క మీద కూడా పోయేట్టుంది. ఆ వివరాలన్నీ నీకెందుకులే, విసుగు.

ఉద్యోగం సంగతి. నీకు ఇక్కడ ఏం తక్కువైందో నాకు తెలియడం లేదు. నేను తాగను, తిరగను, జీతం తెచ్చి నీ చేతిలో పెడతాను. దొరసానికి కాదని చెప్పి వచ్చెయ్. గంగాళానికి కళాయి పెట్టించాను. తోలుకు వేరే తొట్టి కొంటాను. మాట ఇస్తున్నాను.

బాపుకు నా దండాలు. ఆయన పంపిన తోలు బాగుందని చెప్పు. లెక్కకు రావడం లేదని మాత్రం చెప్పకు, బాధపడతాడు.

నీ
ఏసోబు

*

మన ఊరి నుంచి,
మే 5

సున్నా మిగిలిందని రాసిన మా గణితశాస్త్రవేత్తకు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. తాగను, తిరగను అన్నచోట. మీరు తిరగాలంటే ముందు కుర్చీలోంచి లేవాలి కదా! రెండోసారి ఏడుపొచ్చింది. మీరు ఎక్కడో తప్పు రోజు నుంచి లెక్కపెడుతున్నారు. బుధవారం చివరిది. మొదటిది కాదు.

మీకు గుర్తుందో లేదో, నల్లగొండలో మీరు మా నాయినను చూసే నెపంతో మా ఇంటికి వచ్చి, అరుగు మీద షాబాదు బండపై సుద్దముక్కతో అలలు గీశారు. నీళ్లు నిండిన తొండాన్ని ఒక చివర గట్టిగా నొక్కితే ఒక ఉబ్బు లేచి రెండో చివరకు పరుగెత్తుతుందనీ, పెద్ద ఉబ్బు చిన్నదానికంటే వేగంగా పోతుందనీ, చిన్నప్పుడు బావిగడ్డ మీద కూర్చొని అది చూస్తూ దెబ్బలు తిన్నాననీ చెప్పారు. ఆ పరుగును లెక్కకట్టాలంటే ఒక పనిని ఒకసారి చేస్తే చాలదు, రెండుసార్లు చేస్తే ఎక్కువవుతుంది, సగం సారి చేయాలి అన్నారు. నేను పకపకా నవ్వాను. సగం సారి చేయడమేమిటి, తలుపును సగం సారి తీయడం ఉంటుందా అన్నాను. వేరే మగవాడైతే మొహం ముడుచుకునేవాడు. మీరు సుద్దముక్క పక్కన పెట్టి, మంచి ప్రశ్న అని, చీకటి పడేదాకా ఆ తలుపు గురించే మాట్లాడారు. నాకు సగమే తెలిసింది. ఆ సగంతోనే మనసులో ఒప్పేసుకున్నాను. మీ ఉద్యోగం చూసి కాదు, మీ రంగు చూసి అసలే కాదు. ఈ మనిషి నాతో మాట్లాడతాడని ఒప్పుకున్నాను. అప్పటికే నల్లగొండ బడిలో నాకు పని సిద్ధంగా ఉంది. అది కూడా వదులుకొని వచ్చాను. దాన్ని నేను త్యాగమనుకోలేదు.

పట్నం వచ్చిన మొదటి చలికాలం. ఒక సాయంత్రం మీకు చాయ తెచ్చాను. కాగితం మీద ఒక గుర్తు నెత్తిన సగం అంకె కనబడింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఊరి మనిషి బజారులో ఎదురుపడ్డట్టే ఉంది. "ఇది మన తలుపేనా?" అని అడిగాను. మీరు తలెత్తలేదు.

"నీకర్థం గాదులే. ఆడ వెట్టి పో" అన్నారు.

అంతే. కొట్టలేదు, తిట్టలేదు. ఎవరికైనా చెబితే ఇదొక మాటా అంటారు. నేను చాయ అక్కడ పెట్టి వచ్చేశాను. ఆ తరువాత మళ్లీ ఏనాడూ అడగలేదు. నేను అడగడం మానేశానని కూడా మీకు తెలియలేదు. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందన్నారు. అట్లా రెండేళ్లు. ఆ ఇంట్లో మీ అలలు, మీ తోలు, మీ ప్రొఫెసర్ సాహెబ్ అందరూ ఉన్నారు. నేను వంటింట్లో ఉన్నాను. గంగాళంలో తోలు చూసిన రోజు, దానితో మీరు రోజంతా మాట్లాడతారు కదా అని నాకు ఒళ్లు మండింది. పారేసింది వాసనకు కాదు. ఒక తోలుముక్క మీద ఈర్ష్యపడ్డాను. ఇప్పుడు మీరే నవ్వండి.

ఇక మొన్నటి ఉత్తరంలో కూడా మీరు ఆ మాటే మళ్లీ రాశారు. వివరాలు నీకెందుకులే అని. తీసి చూసుకోవడానికి ఉత్తరం మీ దగ్గర లేదు కదా, అందుకే చెబుతున్నాను.

నాకు జవాబు చెప్పేవాళ్లు లేకపోయినా అడిగేవాళ్లు కావాలి. బడిపిల్లలు అడుగుతారు. అందుకే ఆ పని నాకు కావాలనిపిస్తోంది.

లెక్క కలవడం లేదని మామకు చెప్పవద్దన్నారు. చెప్పేశాను. బాధపడలేదు సరికదా, నవ్వాడు. వాడిన తోలు గుణం పట్నం వాళ్లకేం తెలుస్తుందన్నాడు. నేను ఆగి, "కొత్తది కాదా మామా?" అని అడిగాను.

"కొడుకడిగితె కొత్త తోలు పంపుతనా బిడ్డా? కొత్తది బిర్రుగుంటది, మాట వినది. మన బాయిల మూడెండకాలాలు నీళ్లు పోసిన తొండం గది. మంచిగ సాగి, మెత్తగైనంక, దాన్నే కోసి ఆముదం రాసి పంపిన" అన్నాడు.

మీరు కొత్తది పంపమని రాశారట. కొత్తది పంపితే కొడుకుకు పిసినారితనం చేసినట్టుంటుందని ఇంట్లో ఉన్నదాంట్లో మంచిది పంపాడు. దాని బదులు ఇక్కడ బావికి కొత్తది కట్టుకొని, అది బిగుసుకుపోతుంటే రోజూ తిట్టుకుంటున్నాడు. ఇది మీ లెక్కకు పనికొస్తుందో లేదో నాకు తెలియదు. నాకు అర్థం కాదు కదా.

దొరసానికి ఇంకా జవాబు చెప్పలేదు.

అమృత

*

హైదరాబాదు,
మే 14

అమృతా,

ఉత్తరం అందిన రోజు కాలేజీకి పోలేదు. ఏం రాయాలో తెలియక కాగితాలు చింపాను. చివరకు నాకు చేతనైనది చేస్తున్నాను. లెక్క చెబుతాను. రెండేళ్ల కింద చాయ తెచ్చిన రోజు చెప్పవలసింది ఇది. మధ్యలో ఎక్కడ అర్థం కాకపోయినా అది చెప్పేవాడి తప్పు. అక్కడ గీత గీసి పంపు.

ఏదైనా ఒకటి మారుతోందనుకో. ఇప్పుడు ఎంత వేగంగా మారుతోందని అడిగితే, ఈ క్షణాన్ని చూస్తే చాలు. నిన్నటితో పనిలేదు. అది ఒకసారి చేయడం. ఆ వేగం ఎట్లా మారుతోందని అడిగితే రెండుసార్లు చేయడం. దానికీ ఈ క్షణం చాలు. కాని సగం సారి చేయాలంటే ఈ క్షణం చాలదు. మొదటి నుంచి ఇప్పటిదాకా జరిగిందంతా కూడుకుంటూ రావాలి. దగ్గరిదానికి ఎక్కువ పాలు, పాతదానికి తక్కువ పాలు. తక్కువే తప్ప పూర్తిగా లేకుండా పోదు. తోలు అట్లాంటి వస్తువు. గుంజితే సాగుతుంది, వదిలితే వెంటనే రాదు, ఎప్పుడో గుంజిన గుంజుడును లోపల పెట్టుకొని కొంచెం కొంచెంగా వస్తుంది. ఇనుప స్ప్రింగుకు ఈ గుణం లేదు. అందుకే తొండంలో పరుగెత్తే ఉబ్బుకు ఈ సగం సారి లెక్క కావాలి.

అయితే మొదటి నుంచి అన్నాం కదా, ఆ మొదలు ఎక్కడ? లెక్కవాడు ఒకచోట గీత గీసి, ఇక్కడికి ముందు ఏమీ జరగలేదనుకోవాలి. గీత జరిపితే జవాబు మారుతుంది. నేను తోలు నా గదికి వచ్చిన రోజున గీత గీశాను. కొత్త తోలు, దానికి ముందు ఏమీ లేదు అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక గీతను మూడు ఎండాకాలాలు వెనక్కి జరిపాను. లెక్క పూర్తిగా కలిసిందని రాస్తే అబద్ధం. కాని ఇన్నాళ్లు మొండిగా నిలబడ్డ తేడా కరగడం మొదలైంది. నెలరోజుల్లో మొదటిసారి ఆకలేసింది, అన్నం వండుకున్నాను.

తింటుండగా తోచింది. నేను బుధవారం దగ్గర గీత గీశాను. అంతకుముందు ఏమీ జరగలేదనుకున్నాను. అందుకే సున్నా వచ్చింది.

నువ్వు రాసిన ఆ సాయంత్రం నాకు గుర్తులేదు. గుర్తుందని రాస్తే నువ్వు నమ్మవు, రాయకూడదు కూడా. ఎంత వెతికినా దొరకలేదు. చాయ గుర్తుంది, తెచ్చిన మనిషి ఏమడిగిందో గుర్తులేదు. మూడేళ్ల కిందటి గుంజుడు చచ్చిన ఎద్దు తోలుకు గుర్తుంది, నాకు లేదు. ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది అమృతా. నువ్వు అడగడం మానేశావని కూడా తెలియనివాణ్ని, జ్ఞాపకం గల వస్తువుల గురించి పత్రం రాస్తున్నాను.

రమ్మని రాయను. ఒక్కటి అడుగుతాను, ఇప్పటిదాకా అడగనిది. ఆ బడి పని నీకు ఇష్టమేనా? ఇష్టమైతే చెయ్. నా భోజనం సంగతి చూసి ఆగవద్దు.

లెక్కలో ఒకచోట ఇంకా చిక్కుపడి ఉన్నాను. నిన్నే అడుగుతున్నాను, వేరే ఎవరినీ అడగలేదు. గీతను మూడు ఎండాకాలాలు వెనక్కి జరిపితే, ఇంకా వెనక్కి ఎందుకు జరపకూడదు? తోలుకు మొదలు మోటకు కట్టిన రోజా, లందలో నానిన రోజా, ఎద్దు బతికి తిరిగిన రోజా? ఎక్కడో ఆగాలి. ఎక్కడ ఆగాలి?

బాపును ఒక మాట అడిగి రాయి. ఆ మూడు ఎండాకాలాల్లో మోట ఎప్పుడెప్పుడు నడిచింది, ఎప్పుడు ఎండబెట్టి ఉంచారు?

ఏసోబు

*

దేవరకొండ, మిషను బడి,
జూన్ 3

మంచి ప్రశ్న అడిగిన మా ఆయనకు,

పైన ఊరి పేరు చూశారు కదా. దొరసానికి అవునని చెప్పాను. బడి పని ఇష్టమేనా అని మీరు అడిగారు. ఇష్టమే. చాలా ఇష్టం. మీరు వద్దంటే పంతానికైనా చేసేదాన్ని, మీరు చెయ్ అన్నాక చేయడానికి రెండు రోజులు ఎందుకు తటపటాయించానో నాకే తెలియలేదు. చివరకు మామే బండి కట్టి తీసుకొచ్చి, నా పెట్టె దించి, గది గోడలు తట్టి చూసి, పర్వాలేదన్నాడు.

మోట సంగతి అడిగాను. "ఆని తల్లి, గదెవడు లెక్కవెట్టిండు?" అన్నాడు. చాలాసేపు తల గోక్కున్నాక, ఒక ఏడు పెద్దవానలు పడి మోట అసలు కట్టలేదనీ, ఒక ఏడు ఎద్దుకు గిట్ట వాచి సగం ఎండాకాలం ఆగిపోయిందనీ గుర్తు చేసుకున్నాడు. ఏ ఏడు ఏదో తేలలేదు. అత్త ఒకటంటే ఆయన ఒకటన్నాడు, ఇద్దరూ పోట్లాడుకున్నారు. వాళ్లనలా వదిలేసి వచ్చాను.

మీ లెక్క ఉత్తరంలో రెండుచోట్ల గీత గీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పాతదానికి తక్కువ పాలు అన్నారు, ఎంత తక్కువో చెప్పలేదు. తోలు ఎండితే ఆ జ్ఞాపకం తడితోపాటు పోతుందా, ఉంటుందా అన్నది కూడా చెప్పలేదు. మిగతాది అర్థమైంది.

ఇక మీ ప్రశ్న. మొదలు ఎక్కడ, గీత ఎక్కడ గీయాలి అని. తోలు సంగతి నాకు తెలియదు, అది మీరు, మామ తేల్చుకోండి. మన సంగతిలో మాత్రం నాకు ఒక జవాబు తోచింది. బుధవారం దగ్గర గీస్తే మీకు నష్టం లేదు. చాయ దగ్గర గీస్తే నాది గెలుపు. నేను ఇన్నాళ్లు అక్కడే గీసుకొని కూర్చున్నాను, అదీ సరికాదు. దానికి ముందు ఒక అరుగు ఉంది. షాబాదు బండ ఉంది. చీకటి పడేదాకా మాట్లాడిన మనిషి ఉన్నాడు. అక్కడ గీయండి. ఆ రోజుది కూడా తక్కువ పాలైనా లెక్కలోకి రావాలి కదా.

హైదరాబాదు రాను. కాలేజీ సెలవులు ఇచ్చాక మీరే రండి. పత్రం ఇక్కడ కూర్చొని రాయవచ్చు. బావి మన ఊళ్లోనే ఉంది, బిగుసుకుపోయిన కొత్త తొండం కూడా అక్కడే ఉంది. దాన్ని పాతదాని పక్కన పెట్టి చూసుకోండి. స్నానాలకు ఒక గంగాళం, తోలుకు ఒక మట్టితొట్టి విడివిడిగా కొన్నాను. ఒకటి ఇంకొకదానిలో కలిసిందో, ఈసారి పారేసేది తోలును కాదు.

నా గది బడి వెనక, గుట్టవైపు ఉంది. రెండు రెక్కల తలుపు. పడమటి గాలికి దుమ్ము కొడుతోందని ఒక రెక్క మూసి గడియ పెట్టాను. రెండో రెక్క తీసే ఉంటుంది. తలుపును సగం సారి తీయడం ఉంటుందా అని ఆ రోజు నవ్వాను కదా.

ఉంటుంది. రండి.

మీ
అమృత